పేడ అలుకు నుంచి మోర్బీ టైల్స్ దాకా: మన ఇంటి నేల కథ



ఇల్లు కట్టేటప్పుడు పునాదికి, స్లాబుకు పది మందిని అడుగుతాం. నేల దగ్గరికి వచ్చేసరికి మదనపల్లెలోనో పలమనేరులోనో టైల్స్ అంగడికి పోయి, లైట్ల కింద తళతళా మెరిసేదాన్ని చూపించి "ఇది ఇయ్యండి" అంటాం. అంతటితో సరి. కానీ రోజూ కాలు పెట్టేది, పిల్లోళ్ళు పాకేది, చెనిక్కాయల మూటలు దించేది ఆ నేల మీదే. గోడ రంగు నచ్చకపోతే మరుసటి సంక్రాంతికి మార్చుకుంటాం. నేల అట్లా కాదు, ఒకసారి వేస్తే ముప్పై ఏండ్లు దాంతోనే కాపురం. అందుకే ఈసారి మన మూడు ఊళ్ళ పక్క, అంటే మదనపల్లె, పుంగనూరు, కుప్పం పక్క ఇంటి నేలలు ఎట్లా మారుతూ వచ్చాయో రాస్తున్నాను. ఏ నేలకు ఏ గుణముందో కూడా మధ్యలో చెప్పుకుంటూ పోతాను. పోస్టు పెద్దదే. రాత్రి మోటరుకు కరెంటు వచ్చేదాకా చదువుకోండి.

మొదట అలుకు నేల. మీ అమ్మనో అవ్వనో అడగండి, ఎట్లా వేసేవాళ్ళో పూస గుచ్చినట్టు చెప్తారు. గట్టు మన్ను పోసి, నీళ్ళు చల్లి, దిమ్మిసతో కొట్టి కొట్టి గట్టి చేసేది. మీద సన్నని ఎర్రమన్ను పూత. అది ఆరినాక పేడనీళ్ళతో అలుకు. అంచులకు జాజు, దాని మీద సుద్ద ముగ్గు. పేడ ఎందుకు? పశువు తిన్న గడ్డిలో అరగని పీచు పేడలో సన్నగా ఉంటుంది. అది మన్నును పట్టి ఉంచుతుంది, పగుళ్ళు రానివ్వదు, దుమ్ము లేవనివ్వదు. కళ్ళం మనం ఎందుకు అలికేవాళ్ళమో గుర్తు చేసుకోండి. రాగులు, కొర్రలు నూర్చేటప్పుడు గింజ మన్నులో కలవకూడదని. ఇంట్లో నేలకూ కళ్ళానికీ ఒకటే విద్య. మన రైతుల ఇల్లు కళ్ళానికి తోబుట్టువు అని నేను అంటాను.

ఆ నేలకు అయ్యే ఖర్చు డబ్బు రూపంలో కనపడదు, ఆడవాళ్ళ నడుములో కనపడుతుంది. వారానికి ఒకసారి ఇల్లంతా, పండగొస్తే గోడల మొదళ్ళతో సహా, వానాకాలంలో చెమ్మెక్కి ఊడిపోతే మళ్ళా మొదటి నుంచి. "ఆ రోజుల్లో అలుకు నేల ఎంత చల్లగా ఉండేదో" అని మెచ్చుకునేది ఎక్కువగా మగవాళ్ళే. అలికినోళ్ళ నోట ఆ మాట నేను పెద్దగా వినలేదు.

ఇంకో సంగతి. అలుకు నేల పోవడానికి సిమెంటు ఒక్కటే కారణం కాదు. పేడ పోయింది. ట్రాక్టరు వచ్చినాక దొడ్డిలో ఎద్దులు పోయినాయి, తరవాత పాలకు సంకరజాతి ఆవులు ఒకటో రెండో మిగిలినాయి. ఆ పేడ కూడా దిబ్బకూ తోటకూ చాలడం లేదు. మన పుంగనూరు ఆవు చూడండి. మనిషి నడుము ఎత్తు కూడా రాని ఆవు, తక్కువ మేతతో బతికేది, ఇంటి ముందర గుంజకు కట్టుకునేది. ఒక దశలో ఆ జాతే కనుమరుగయ్యే దాకా వచ్చింది. పలమనేరు పశు పరిశోధన కేంద్రం లాంటివి పట్టుకుని ఉంచబట్టి మిగిలింది. ఇంటి ముందర ఆవు లేని ఇంట్లో అలుకు నేల నిలవదు. అంత సూటి లెక్క అది.

ఆరోగ్యం సంగతి కూడా చెప్పాల. మన్ను నేల మీద పాకే బిడ్డ నోట్లోకి నులిపురుగుల గుడ్లు పోతాయి. కొంకిపురుగు అయితే వట్టి కాలి చర్మంలో నుంచే లోపలికి దూరుతుంది. ఇది మన ఊళ్ళ సమస్య మాత్రమే కాదు. మెక్సికో దేశంలో కోవయీలా అనే రాష్ట్రంలో 2000లో ఒక పథకం పెట్టినారు. పేరు "పీసో ఫిర్మే", అంటే గట్టి నేల. మట్టి నేల ఇళ్ళకు ప్రభుత్వమే సిమెంటు నేల వేయించింది. తరవాత పరిశోధకులు పక్క రాష్ట్రంలో పథకం లేని అట్లాంటి ఇళ్ళతో పోల్చి చూసి, 2009లో అచ్చు వేసినారు. ఇల్లంతా సిమెంటు నేల పడిన చోట ఆరేళ్ళ లోపు పిల్లల్లో కడుపు పురుగులు 78 శాతం తగ్గినాయి, విరేచనాలు 49 శాతం, రక్తహీనత 81 శాతం. తల్లుల మనసులో దిగులు కూడా తగ్గిందంట. టైల్స్ కాదన్నా, వట్టి సిమెంటు గచ్చు. నేల అంటే సోకు అనుకునే వాళ్ళకు ఈ అంకెలు చూపించండి.

ఈ మాట మన పక్కన కొత్తది కాదు. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో 1915 నుంచి క్షయ ఆసుపత్రి ఉంది కదా, డెన్మార్కు డాక్టరు ఫ్రిమట్ మోలర్ నడిపినది. దేశంలో బీసీజీ టీకా వేయడం 1948లో మొదలుపెట్టిన చోట్లలో మన మదనపల్లె ఒకటి. ఆ కాలంలో ప్రపంచంలో ఏ క్షయ ఆసుపత్రిలోనైనా ఒకటే కట్టడి: చీపురుతో దుమ్ము లేపొద్దు, నేలను తడిగుడ్డతో తుడవండి. తడిగుడ్డతో తుడవాలంటే కడిగితే కరగని నేల కావాల. మన్ను నేలకు అది కుదరదు.

అంతకు ముందు కలిగినోళ్ళ ఇళ్ళల్లో, దేవళాల్లో ఉండింది సున్నం గచ్చు. గానుగలో ఎద్దులను తిప్పి సున్నం, ఇసక నూరి, కరక్కాయ నీళ్ళు, బెల్లం కలిపి వేసేది. సున్నం బలం చూడాలంటే చంద్రగిరి రాజమహల్ పోయి చూడండి. కట్టె వాడకుండా రాయి, ఇటుక, సున్నంతోనే అంతస్తులు లేపినారు. మామూలు రైతు ఇంటికి ఆ గచ్చు రాలేదు. ఖర్చు ఒకటి, ఓపిక ఇంకొకటి.

రైతు ఇంటికి మొదట వచ్చిన గట్టి నేల నాపబండ. కొందరు కడప బండ అంటారు, కొందరు బేతంచెర్ల బండ, తాడిపత్రి బండ. దీని గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే దీన్ని మనం సరిగా గుర్తించలేదు.

మనం ఉండేది గుండ్రాళ్ళ దేశం. మదనపల్లె చుట్టూ, పుంగనూరు గుట్టలు, కుప్పం కనుమలు అంతా నిప్పులో పుట్టిన కరకురాయి. ఉత్తరానికి కడప వైపు పోయే కొద్దీ రాయి మారిపోతుంది. చెట్టూ చేమా పుట్టకముందు ఆడ సముద్రం ఉండేది. దాని అడుగున సున్నపు బురద పొర మీద పొర పేరుకొని రాయి అయింది. అందుకే నాపబండ ఉలి పెట్టి తడితే పుస్తకంలో పేజీలు లేచినట్టు పలకలు పలకలుగా లేస్తుంది. 1872లోనే విలియం కింగ్ అనే దొర, ప్రభుత్వ భూగర్భ సర్వే తరపున ఈ కడప, కర్నూలు రాళ్ళ మీద పెద్ద గ్రంథం రాసినాడు. జమ్మలమడుగు పక్క నర్జి ఊరి పేరు మీద ఆ సున్నపురాయిని నర్జి సున్నపురాయి అని ఇప్పటికీ పిలుస్తారు.

పలక దానంతట అదే లేస్తుంది కాబట్టి మిషన్లు లేని రోజుల్లో కూడా చౌకగా వచ్చింది. మదనపల్లె తాలూకా 1911 దాకా కడప జిల్లాలోనే ఉండేది. చిత్తూరు జిల్లా ఏర్పడింది ఆ సంవత్సరం ఏప్రిల్ 1న. పుంగనూరు జమీ, కుప్పం ఉన్న కంగుంది జమీ అప్పటిదాకా ఉత్తర ఆర్కాటు కింద. జిల్లా మారినా బండ వచ్చే దారి మారలేదు. ఇప్పటికీ మన పాత మిద్దెల్లో పంచలో, వంటింట్లో, తిన్నె మీద ఉండేది ఎక్కువగా ఆ బండే.

నాపబండ గుణం ఏమంటే కాలికి చల్లన, పట్టు ఉంటుంది కాబట్టి జారదు, మూట ఎత్తేసినా పగలడం తక్కువ, పగిలినా ఒక్క బండ మార్చుకోవచ్చు. లోపం ఒక్కటే, అది సున్నపురాయి. పులుపు తగిలితే తింటుంది. నిమ్మరసం, చింతపండు, పుల్ల మజ్జిగ పడి అట్లే ఉంటే తెల్లగా మచ్చ పడుతుంది. మన పక్క చింతపండు కొట్టేది ఇంట్లోనే కదా. కొట్టేటప్పుడు కింద పట్ట పరుచుకోమని అందుకే చెప్పేవాళ్ళు. బాత్రూం కడిగే యాసిడ్ అయితే ఇంకా మోసం, ఒక్కసారికే పాలిష్ పోతుంది. మీ ఇంట్లో ఉండేది నాపబండా, నల్ల గ్రానైటా అని అనుమానం వస్తే మూలన ఒక చుక్క యాసిడ్ వేసి చూడండి. బుసబుసా నురగ వస్తే నాపబండ. గ్రానైట్ మీద నురగ రాదు.

సిమెంటు వచ్చింది ఆ తరవాత. ఈ కథలో రైలుది, పర్మిట్‌ది పెద్ద పాత్ర. కుప్పం మీద నుంచి పోయే జోలార్‌పేట బెంగుళూరు రైలు మార్గం 1864లోనే పడింది. మదనపల్లెకు 1890లలో ధర్మవరం పాకాల మార్గం వచ్చింది, అది కూడా ఊళ్ళోకి కాదు, సీటీఎం దగ్గర మదనపల్లె రోడ్డు స్టేషనుకు. పుంగనూరుకు ఈ రోజుకీ రైలు లేదు. బరువు సామాను ఏదైనా ముందు కుప్పంలో దిగేది, పుంగనూరుకు బండి మీదనో లారీ మీదనో చేరేది. నేల సామానంతా బరువే కాబట్టి మన ఊళ్ళ నేలల చరిత్ర సగం బాడుగల చరిత్ర.

సిమెంటు బస్తా దొరకడం ఎంత కష్టమో ఇప్పటి పిల్లోళ్ళకు చెప్తే నమ్మరు. 1982 దాకా సిమెంటు ధర, పంపకం పూర్తిగా ప్రభుత్వం చేతిలోనే. ఇల్లు కట్టాలంటే పర్మిట్ రాయించుకోవాల, దానికోసం ఆఫీసు చుట్టూ తిరగాల. ఇన్ని బస్తాలే అని కట్టడి. మహారాష్ట్రలో అంతూలే అనే ముఖ్యమంత్రి 1982 జనవరిలో కుర్చీ దిగింది కూడా ఈ సిమెంటు కేటాయింపుల గొడవతోనే. ఆ సంవత్సరం ఫిబ్రవరిలో కొంత వదిలినారు, 1989 మార్చిలో పూర్తిగా వదిలేసినారు. మన ఊళ్ళల్లో సిమెంటు గచ్చు ఎప్పటినుంచి ఊరంతా కనపడిందో ఆలోచించండి. సరిగ్గా ఆ పదేళ్ళే. రుచి మారడం కాదు, కట్టడి పోవడం కారణం. పర్మిట్ కాలంలో ఉన్న పది బస్తాలను గోడలకు, మిద్దెకు పొదుపుగా వాడి, నేలను మన్నుకో బండకో వదిలేసేది. తరవాత ప్రభుత్వ పక్కా ఇళ్ళు, 2006 నుంచి ఇందిరమ్మ ఇళ్ళు వచ్చి, పేదల కాలి కిందికి కూడా సిమెంటు వచ్చింది.

ఇంకో తమాషా చూడండి. ఎర్రగుంట్ల పక్క సిమెంటు ఫ్యాక్టరీలు వాడేది అదే నర్జి సున్నపురాయి. అంటే మీ తాత పంచలో పరిచిన బండ, మీ నాయన వేయించిన సిమెంటు గచ్చు ఒకే రాయి. ఒకటి పలకగా వచ్చింది, ఇంకొకటి కాలి పొడై బస్తాలో వచ్చింది.

ఆ సిమెంటుకే ఎర్ర రంగు పొడి, అంటే ఇనుప ఆక్సైడ్ కలిపి వేసింది ఎర్ర గచ్చు. రెడ్ ఆక్సైడ్ అంటారు. చెయ్యి తిరిగిన బేల్దారి వేస్తే అద్దం మాదిరి ఉంటుంది, అరిగే కొద్దీ నునుపు తేలుతుంది. మెరుపుకు కొబ్బరి నూనె రాసేవాళ్ళు. ఇప్పుడు బెంగుళూరులో డబ్బున్నోళ్ళు దీన్ని మళ్ళా వేయించుకుంటున్నారు, మనం పీకేసి టైల్స్ వేస్తున్నాం. వేయాలనుకునే వాళ్ళకు ఒక్క మాట: ఇప్పుడు ఆ పని తెలిసిన మేస్త్రి దొరకడమే కష్టం. సరిగా నీళ్ళు పట్టకపోతే, పెద్ద గదికి మధ్యలో పట్టీలు ఇవ్వకపోతే వెంట్రుక పగుళ్ళు వస్తాయి. పగులు వచ్చినాక అతుకు వేస్తే రంగు కలవదు.

పట్నం ఇళ్ళల్లో మొజాయిక్ వచ్చింది. రాతి చిప్స్ సిమెంటులో కలిపి పోసి, మిషన్‌తో అరగదీసేది. బొంబాయిలో 1922లో మొదలైన భారత్ టైల్స్ వాళ్ళు స్వదేశీ ఉద్యమం పేరు చెప్పి రంగుల సిమెంటు బిళ్ళలు చేసినారు, అరవ దేశంలో చెట్టినాడు పక్క ఆత్తంగుడి ఊళ్ళో ఇప్పటికీ గాజు పలక మీద పోసి చేత్తో చేస్తారు. మన పల్లెలకు ఇవి పెద్దగా రాలేదు. మంగళూరు పెంకులు మాత్రం వచ్చినాయి. బాసెల్ మిషన్ వాళ్ళు 1865లో మంగళూరులో పెట్టిన ఫ్యాక్టరీతో మొదలైనవి. కానీ అవి నెత్తి మీదికే గానీ కాలి కిందికి కాదు.

ఇప్పుడు కుప్పం గ్రానైట్. మన గుట్టరాయిని ఒకప్పుడు వడ్డెర పనివాళ్ళు బండ మీద మంట వేసి, వేడికి పొర లేచినాక గూటాలు కొట్టి విడదీసేవాళ్ళు. ఆ పలకలే మిద్దె కప్పులకు, గడపలకు, చేను చుట్టూ రాతి కూసాలకు. నేలకు కూడా పరిచినారు గానీ గరుకు, ఎత్తుపల్లం. గ్రానైట్‌ను సన్నగా కోసి, అద్దంలా సాన పట్టాలంటే పెద్ద రంపాలు, కరెంటు, వజ్రపు బ్లేడ్లు కావాల. అవి వచ్చినాక రాయి విలువ ఒక్కసారిగా మారిపోయింది. "కుప్పం గ్రీన్" అనే పేరు దేశం దాటి పోయింది. గుట్టలు కరిగినాయి, చెన్నై రేవు నుంచి దిమ్మెలు ఓడలెక్కినాయి. కుప్పం రాయి పరిచిన ఇండ్లు విదేశాల్లో ఉండొచ్చు, క్వారీ పక్క ఊరి రైతుకు మాత్రం మిగిలింది దుమ్ము, లారీ దెబ్బకు గుంతలు పడిన దారి. ఇది నా బాధ, పక్కన పెడతాను.

ఆ రాయి నేలకు మంచిదా అంటే, మన్నికలో దీన్ని మించింది లేదు. పులుపు తినదు, గీత పడదు, మూట దించినా ఏం కాదు, వందేళ్ళు ఉంటుంది. పాలిష్ చేసినది తడిస్తే జారుతుంది, అది గుర్తుంచుకోండి. మన పక్క వాళ్ళకు ఒక సౌకర్యం ఉంది, గ్రానైట్ పాలిష్ ఫ్యాక్టరీలు దగ్గర. పెద్ద పలకలు కోసినాక మిగిలే చిన్న సైజు ముక్కలు తక్కువకు ఇస్తారు. ఒకే రంగు కావాలని పట్టు పట్టకపోతే పంచకు, వంటింటికి, మెట్లకు అవి చాలు. బాడుగ కూడా కలిసొస్తుంది.

చివరికి టైల్స్. మన అంగళ్ళలో ఉండే టైల్స్‌లో ఎక్కువ భాగం గుజరాత్‌లో మోర్బీ అనే ఒక్క ఊరి చుట్టుపక్కల నుంచి వస్తాయి. మచ్ఛు నది ఒడ్డున ఉండే ఊరు. ముందు ఆడ ఇంటి పెంకులు చేసేవాళ్ళు, గోడ గడియారాలు చేసేవాళ్ళు. 1979 ఆగస్టు 11న మచ్ఛు రెండో డ్యాం తెగి ఊరంతా కొట్టుకుపోయింది, వేల మంది చచ్చిపోయినారు. 2001 భుజ్ భూకంపం దెబ్బ కూడా తగిలింది. రెండు సార్లూ లేచి నిలబడి, ఇప్పుడు వందల ఫ్యాక్టరీలతో దేశానికంతా నేల పరుస్తున్నారు. ఆ మొండితనం చూస్తే నాకు మన మెట్ట రైతులే గుర్తొస్తారు.

విట్రిఫైడ్ టైల్ ఎట్లా చేస్తారో తెలుసుకుంటే ఏది కొనాలో సగం తెలిసిపోతుంది. బంకమన్ను, ఫెల్డ్‌స్పార్, పలుగురాయి పొడి కలిపి, పెద్ద ప్రెస్సు కింద అచ్చు వేసి, దాదాపు 1200 డిగ్రీల వేడిలో కాలుస్తారు. ఆ వేడికి లోపల కరిగి గాజులా అవుతుంది, కాబట్టి నీళ్ళు దాదాపు పీల్చదు. అంతర్జాతీయ కొలత ప్రకారం అర శాతం లోపు. మామూలు సిరామిక్ టైల్ అయితే మూడు శాతం నుంచి పది దాకా పీల్చేవి ఉంటాయి. ఇంకొకటి గమనించండి. గ్రానైట్‌లో ఉండేది కూడా ముఖ్యంగా ఫెల్డ్‌స్పార్, పలుగురాయే. భూమి కోట్ల ఏండ్లలో చేసిన పనిని మోర్బీ కొలిమి గంట, గంటన్నరలో చేసి పెట్టెలో పెట్టి పంపుతోంది. మన గుట్టలు ఓడలెక్కి పోతుంటే, వెయ్యి మైళ్ళ నుంచి రాతి పొడి కాల్చినది లారీలో మన ఊరికి వస్తోంది.

ఆ కొలిమికి కావాల్సింది గ్యాస్. ముందు బొగ్గుతో గ్యాస్ చేసుకునేవాళ్ళు, కాలుష్యమని 2019లో హరిత ట్రిబ్యునల్ ఆపించింది. అప్పటినుంచి సహజవాయువు ధర పెరిగినప్పుడల్లా పుంగనూరులో పెట్టె ధర కదులుతుంది. దాని మీద జీఎస్టీ. 2017 జూలైలో 28 శాతం పెట్టి, ఆ నవంబరులోనే 18కి తగ్గించినారు. అందుకే నేను ఈడ ధరలు రాయను, రాసిన వారానికి అబద్ధమవుతాయి. మన వైపు ధర టమోటాను బట్టి కూడా ఉంటుంది అని నవ్వులాటకు అంటారు. 2023 జూలైలో మదనపల్లె మార్కెట్లో టమోటా కిలో 150 దాటిన ఏడు, పంట చేతికొచ్చిన వాళ్ళలో ఎంతమంది పాత గచ్చు పీకినారో మీకే తెలుసు.

ఇక ఎంచుకునేటప్పుడు. అంగట్లో టైల్‌ను బోర్లించి వీపు మీద నాలుగు చుక్కల నీళ్ళు వేయండి. ఇంకిపోతే సిరామిక్, అట్లే నిలబడితే విట్రిఫైడ్. అంగడోళ్ళు ఏం పేరు చెప్పినా ఈ నీళ్ళు అబద్ధం చెప్పవు. విట్రిఫైడ్‌లో కూడా రెండు తీర్లు ఎక్కువగా చూపిస్తారు. జీవీటీ అంటే మీద బొమ్మ ముద్ర వేసి గాజు పూత పూసింది. చెక్క మాదిరి, పాలరాయి మాదిరి కనపడేవన్నీ అవే. చూపుకు బాగుంటుంది, కానీ పూత లేచిపోతే లోపలి మన్ను రంగు బయటపడుతుంది. డబుల్ ఛార్జ్ అంటే రంగు పొడినే మూడు నాలుగు మిల్లీమీటర్ల మందం పొరగా అచ్చు వేసింది. డిజైన్లు తక్కువ. మూటలు ఈడ్చే ఇంటికి, మట్టి చెప్పులతో తిరిగే నడిమి ఇంటికి నేనైతే డబుల్ ఛార్జే చెప్తాను. మట్టిలో ఉండే ఇసక రేణువే నేలకు ఉప్పుకాగితం, పట్నం ఇంటికంటే మన ఇంటి నేల ఎక్కువ అరుగుతుంది.

జారుడు సంగతి అన్నిటికంటే ముందు చూడాల. ఇంట్లో ముసలోళ్ళు ఉంటే మరీ. తుంటి ఎముక విరిగితే తరవాత మంచం మీది నుంచి లేవని వాళ్ళను మీరూ చూసుంటారు. టైల్‌కు జారుడు పట్టు ఎంతో ఆర్-9, ఆర్-10, ఆర్-11 అని అంకెలు ఇస్తారు. అంకె పెరిగే కొద్దీ పట్టు ఎక్కువ. స్నానాలగదికి, పెరటి పంచకు, మెట్లకు ఆర్-11, లేకపోతే కనీసం ఆర్-10 అడగండి. అంగట్లో తెలియదంటే ఒక టైల్ మీద నీళ్ళు పోసి, వట్టి కాలితో మీరే అడుగు పెట్టి చూడండి. చెప్పులేసుకుని, పొడి టైల్ మీద నిలబడి ఎంచుకునేది తెలివి కాదు.

లెక్కలో ఒక మెలిక ఉంది. రెండడుగుల టైల్ అని పిలిచేది నిజానికి 600 మిల్లీమీటర్లది, రెండడుగులకు అర అంగుళం దాకా తక్కువ. పెట్టెకు నాలుగు. కొన్ని అంగళ్ళలో పెట్టెకు 16 చదరపు అడుగులని లెక్క కడతారు, కానీ కొలిస్తే వచ్చేది 15.5 మాత్రమే. వెయ్యి చదరపు అడుగులకు వాళ్ళ లెక్కకు 63 పెట్టెలు చాలు, నిజం లెక్కకు 65 కావాల. దాని మీద కోతలకు, పగుళ్ళకు నూటికి ఐదో ఆరో ఎక్కువ తెచ్చుకోండి. పెట్టెల మీద బ్యాచ్ నెంబరు, షేడ్ నెంబరు అన్నీ ఒకటేనా చూసుకోండి. మూడు నెలల తరవాత పోతే అదే పేరుతో వేరే రంగు ఇస్తారు. నాలుగైదు టైల్స్ అటక మీద దాచిపెట్టండి, పదేళ్ళకు ఒకటి పగిలితే అప్పుడు తెలుస్తుంది విలువ.

పరిచేటప్పుడు దగ్గరుండండి. విట్రిఫైడ్ నీళ్ళు పీల్చదు అన్నాను కదా, అందుకే వట్టి సిమెంటు పాలు దాన్ని సరిగా పట్టదు. దానికోసమే వచ్చిన బంక పొడి వాడాల. కొందరు బేల్దార్లు టైల్ కింద నాలుగు మూలలా ముద్దలు పెట్టి ఒత్తేస్తారు, మధ్యలో బోలు. దాని మీద యూరియా మూట దించిన రోజు టప్పుమంటుంది. అంతా ఆరినాక రూపాయి బిళ్ళతో తట్టి చూడండి, డొల్ల శబ్దం వస్తే పీకించండి. మేస్త్రి ముఖం మాడ్చుకుంటాడు, పరవాలేదు.

పట్టుపురుగుల షెడ్డుకు టైల్స్ వద్దు. బ్లీచింగ్, సున్నం వేసి మాటిమాటికీ కడిగే నేల అది, నున్నని సిమెంటు గచ్చు వేసి వాలు సరిగా ఇస్తే చాలు. పశువుల కొట్టానికి నున్ననిది ఏదైనా ప్రమాదమే. ఈనే ఆవు కాలు జారితే మీకు తెలియంది కాదు. ఆడ గరుకు బండ వేయాల, లేదా గీతలు గీసిన గచ్చు.

పాత ఇంట్లో నాపబండ తీసేసి టైల్స్ వేసేవాళ్ళు బండలను పెళ్ళగించేటప్పుడు గడ్డపారతో గుద్దనీకండి. అంచున సందు చేసి మెల్లగా లేపితే నూటికి ఎనభై నిండుగా వస్తాయి. తిరగేస్తే అడుగు వైపు కొత్త బండే. కొట్టానికి, పెరట్లో తొట్టి పక్కకు, బావి గట్టుకు అవి పనికొస్తాయి.

ఇంట్లో ఆడవాళ్ళను అంగడికి వెంట తీసుకుపోండి. ఆ నేలను ముప్పై ఏళ్ళు తుడిచేది వాళ్ళు.